పరిమితికి లోపు

రాత్రి డ్యూటీ బస్సు రణస్థలం దాటగానే
గాలి వాసన మారుతుంది.
కళ్లు మూసుకునే చెప్పగలను పైడిభీమవరం వచ్చిందని.
మా అమ్మ నా చున్నీలు విడిగా ఉతుకుతుంది.

దమయంతి ఎచ్చెర్లలోనే ఉండిపోయింది.
ఎమ్మెస్సీలో ఒకే బల్ల మాది, ఒకే బ్యూరెట్టు,
రంగు తిరిగే చుక్క దగ్గర
ఇద్దరం ఊపిరి బిగబట్టేవాళ్లం.
ఇప్పుడు తనది పీహెచ్‌డీలో అయిదో ఏడు,
నాది నాలుగో ఇంక్రిమెంటు.

మా ల్యాబ్‌లో తొమ్మిది హెచ్‌పీఎల్‌సీలు
తెల్లారేదాకా జోరీగల్లా మోగుతుంటాయి.
పంపు చెడితే గంటలో ఇంజినీరు దిగుతాడు.
వాళ్ల డిపార్టుమెంటులో ఉన్నది ఒక్కటే,
దానిమీద ప్లాస్టిక్ కవరు, కవరుమీద దుమ్ము,
దుమ్ములో ఎవరో వేలితో రాశారు:
'టెండరు పిలిచారు.'

నాకు ఒకటో తారీఖున జీతం పడుతుంది.
తనకి ఫెలోషిప్పు ఏడు నెలలకోసారి
నాగావళికి వరదొచ్చినట్టు వస్తుంది.
అప్పులు తీర్చి, సిలికా జెల్ కొని,
మిగిలిన దాంతో నన్ను పట్టుబట్టి సినిమాకి లాక్కెళుతుంది.
"నీకేటే, సారు సంతకం కోసం
గుమ్మంలో నిలబడక్కర్లేదు" అంటుంది ఇంటర్వెల్లో.
నిజమే.
నా సంతకాలు నేనే పెడతాను,
రాత్రికి నూట ఎనభై.
తూచాను, కలిపాను, సరిచూశాను.
నీలం సిరాతో మాత్రమే.

ఒక రాత్రి గ్రాఫులో
పదకొండో నిమిషం దగ్గర చిన్న బొడిపె.
చీమ తలంత.
ఏ జాబితాలోనూ దానికి పేరు లేదు.
సున్నా పాయింట్ సున్నా నాలుగు శాతం.
పరిమితికి లోపు. రాయక్కర్లేదు.
డ్రమ్ములు ఆకుపచ్చ చీటీలు కట్టించుకుని
లారీ ఎక్కేశాయి.
పొద్దున్న ఫోన్లో మాటల మధ్య చెప్పానా,
"ఏటది?" అంది.
"ఏటో. పరిమితికి లోపే."
"అది కాదే. అసలు అది ఏటి?"

బస్సు సుభద్రాపురం జంక్షన్ దాటేదాకా
నా దగ్గర మాట లేదు.
నాలుగేళ్లుగా నన్నెవరూ అది అడగలేదు.
నేనూ అడగలేదు.

మొన్న ఆదివారం నా చేతిలో ఒక సీసా పెట్టింది.
వాళ్ల ఊరి జీడితోటలో బోరు నీళ్లు.
వారానికి రెండుసార్లు వాళ్ల పెదనాన్న
డయాలసిస్‌కి పలాస వెళ్లొచ్చే ఊరు.
లేబులు మీద బోరు నంబరు, లోతు, తారీఖు,
రికార్డు బుక్కులో నేను చూసి రాసుకున్న
అవే గుండ్రటి అక్షరాలు.
"ఏదైనా మందు జాడ ఉందో లేదో,
ఒక్క ఇంజెక్షనే. మీకు తొమ్మిదున్నాయి కదే."

ఎలా చెప్పను?
బ్యాచ్ నంబరు లేని చుక్క దాని నోట్లో పడితే
గంటా నిమిషంతో సహా గుర్తుపెట్టుకుంటుందని,
చెరిపే అధికారం మా మేనేజరుకీ లేదని,
పోయినేడు ఒక కుర్రాడు
మెడలో కార్డు తీసి బల్లమీద పెట్టి వెళ్లిపోయాడని.
చెప్పలేదు.
సీసా బ్యాగులో వేసుకున్నాను.

గేటు దగ్గర సెక్యూరిటీ తవిటినాయుడు బ్యాగు తెరిచాడు.
"ఏటమ్మా ఇది?"
"నీళ్లు."
"బయటి నీల్లు లోపలికి ఒగ్గరు కదమ్మా. తాగీసి ఎల్లు."

తాగలేదు.
పారబోయడానికీ చెయ్యి రాలేదు.
ఆయన టిఫిన్ డబ్బా పక్కన, కిటికీ అరలో పెట్టి
లోపలికెళ్లి పదిహేడు బ్యాచ్‌లు పాస్ చేశాను.

తెల్లారి వచ్చేసరికి సీసా సగమే ఉంది.
"దాహమేసి తాగీసినానమ్మా, ఏటీ అనుకోకు.
ఎక్కడియమ్మా ఆ నీల్లు?
మాది కంచిలి దగ్గర.
అచ్చం మా ఊరి నీల్లనాగున్నాయి."

బస్సు హారన్ కొట్టింది.
సగం సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.
దమయంతి ఫోను
మూడోసారి మోగుతోంది.